క్రియతోను, సత్యముతోను: ఆ రెండో మాట సంగతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దాటిన గాలీ వానా తిన్నగా ఒడిశాలోని మా గజపతి జిల్లా కొండల మీదికి వచ్చాయి. పర్లాకిమిడిలో మా పెరటి కొబ్బరిచెట్టు పక్కింటి గోడ మీద పడింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. మా కష్టం అంతవరకే. పైన సవర గిరిజనుల ఊళ్లలో జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి.

వారం తిరిగేలోపు మా క్రైస్తవ సంఘం తరఫున వ్యాన్ కట్టించుకుని బయల్దేరాం. బియ్యం, ఉప్పు, అటుకులు, కొవ్వొత్తులు. వాటన్నిటికన్నా పాత బట్టల మూటలే ఎక్కువ. ఊరు ఇంకా దూరం ఉందనగా దారికి అడ్డంగా పనసచెట్టు, దాని వెనక ఇంకోటి. దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని నడిచాం. ఊళ్లోకి వెళ్లగానే మా పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు పట్టింది. పిల్లలు కళ్లు మూసుకోలేదు, బియ్యం బస్తాల వైపే చూస్తున్నారు. తర్వాత బేనర్ పట్టుకుని ఫొటో. ఆ తర్వాత బట్టల మూట విప్పితే అన్నిటికన్నా పైన ఒక పట్టుచీర, జరీ ఊడిపోయి, అంచు చిరిగి. ఒక ముసలామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ మడతపెట్టి నా చేతిలోనే పెట్టింది.

"ఇది నాకేటికి బాబూ? దారి మూసుకుపోనాది. గొడ్డలి తెచ్చినారా?"

తేలేదు.

మా సంఘంలో అందరికీ కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది. బైబిల్లో యోహాను మొదటి పత్రిక, 3:18. "చిన్నపిల్లలారా, మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమింతము." దీని మీద ప్రసంగం ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది: మాటలు తగ్గించండి, పని చెయ్యండి. విన్నవాళ్లం ఆమెన్ అంటాం. కానీ ఆ రోజు కొండ మీద మేం చేసింది పనే కదా. కిరాయి కట్టాం, మూటలు మోశాం, చెమటోడ్చాం. అయినా ఆ ముసలామె ముందు తలెత్తలేకపోయాం. లెక్క ఎక్కడ తప్పింది?

ఆ వాక్యంలో క్రియ పక్కన ఇంకో మాట ఉంది, సత్యము. మేం దాన్ని పద్యపాదంలో యతి కోసం వేసిన మాటలా దాటేస్తాం. యోహాను రెండు జతలు పెట్టాడు. ఇటు మాట, నాలుక. అటు క్రియ, సత్యం. మాట బూటకం అయినట్టే పని కూడా బూటకం కాగలదని ఆయనకి తెలుసు. ప్రేమని చేతల్లో చూపించాలి అనే మాట వినడానికి చాలా సులువుగా ఉంటుంది గానీ, దాని లోపల ఇన్ని చిక్కులున్నాయి: ఏది చేత, ఎవరికి, ఎవరు చూడగా, ఏం ఆశించి. ఒడిశా సరిహద్దులో బతికే మాలాంటి తెలుగు క్రైస్తవులకి వీటికి తోడు ఒక చట్టం, మూడు భాషలు కూడా ఉన్నాయి.

పేగు కదలడం

18వ వచనం చదివే ముందు 16, 17 కూడా చదవాలి. 16లో యోహాను చాలా పెద్ద మాట అంటాడు: యేసు మన కోసం ప్రాణం పెట్టాడు, మనం కూడా సహోదరుల కోసం ప్రాణం పెట్టాలి. తర్వాతి వాక్యంలోనే గబుక్కున నేల మీదికి దిగుతాడు. "ఈ లోకపు జీవనోపాధిగలవాడైయుండి, తన సహోదరునికి లేమి కలుగుట చూచియు, అతనియెడల ఎంతమాత్రమును కనికరము చూపనివానియందు దేవుని ప్రేమ యేలాగు నిలుచును?" ప్రాణం దగ్గర మొదలైన మాట బియ్యం డబ్బా దగ్గరికి వచ్చింది. ప్రాణం పెట్టాల్సిన సందర్భం జన్మకోసారి వస్తుందో రాదో. లేమి మాత్రం రోజూ సంతలో ఎదురవుతుంది.

ఇక్కడ "కనికరము చూపని" అని మనం చదువుతున్న చోట గ్రీకులో ఉన్న మాట స్ప్లాంఖ్నా. అంటే పేగులు. కదిలించే జాలి పుట్టేది అక్కడే అని ఆ కాలం వాళ్ల లెక్క. మాటకి మాట పెడితే ఆ వాక్యం "తన పేగుల్ని మూసేసుకున్నవాడు" అవుతుంది, తలుపు మూసినట్టు. ఇది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కడుపు తరుక్కుపోయింది అంటాం, పేగు కదిలింది అంటాం. "కనికరము" కన్నా మన ఇళ్లలో మాటే మూలానికి దగ్గరగా ఉంది. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని పరాయి జాతివాడు ఆదుకున్నాడని యేసు చెప్పిన మంచి సమరయుని కథలో "జాలిపడి" అన్న చోట కూడా అదే పేగు మాట.

ఆ పేగు మాటకి ముందు "చూచియు" ఉంది. చూడటం, పేగు కదలడం, ఆ తర్వాత చెయ్యి కదలడం. మేం వ్యాన్ నింపింది మా బీరువాలు చూసి. ఊరిని చూసి కాదు. ఒక్క మనిషి బండి మీద ముందు వెళ్లి దారి చూసి వచ్చి ఉంటే గొడ్డలో, చెట్లు కోసే మర రంపమో పట్టుకెళ్లేవాళ్లం. మా పాత చీరలకి కొత్త ఇల్లు దొరికిందన్న తృప్తి మాకు తప్ప ఆ ఊరికి ఒరిగిందేమీ లేదు. క్రియ ఉంది, సత్యం లేదు అంటే ఇదే అని నేననుకుంటున్నాను.

సమరయుడి కథలో లెక్కలు చూడండి. ముందు ఆ దారినే పోయిన గుడి పూజారి యాజకుడు, గుడి సేవకుడు లేవీయుడు కూడా "చూచి"నవాళ్లే. చూసి పక్కగా పోయారు. సమరయుడు నూనె, ద్రాక్షారసం పోశాడు, గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చాడు. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి. కథ మొత్తంలో ఈ మనిషి నోటివెంట వచ్చేది ఒక్క మాట, అదీ పూటకూళ్లవాడితో: ఇతన్ని చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తాను. దెబ్బలు తిన్నవాడికి బోధ లేదు, ఓదార్పు మాట కూడా రాసి లేదు. ఉన్న ఒక్క మాటా అప్పు పత్రం లాంటిది. దాన్ని మాట అనాలా, క్రియ అనాలా?

"ప్రార్థన చేస్తామండి"

యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఒక చిన్న నాటకం ఉంది. బట్టల్లేక, ఆ పూటకి తిండి లేక ఒకరు వస్తారు. ఇటువాళ్లు "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అంటారు. గమనించాల్సిందేంటంటే, ఇవి చెడ్డ మాటలు కావు. కసిరినవి కావు. ఇది దీవెన. మంచిగా, మెత్తగా, భక్తిగా పంపించేశారు. యాకోబు కోపమంతా ఆ మెత్తదనం మీదే.

మన సంఘాల్లో దీనికి సరైన జోడీ "మీ కోసం ప్రార్థన చేస్తామండి". నేను కూడా ఎన్నోసార్లు అన్నాను. ఫోన్ పెట్టేయడానికి అంతకన్నా మర్యాదైన దారి లేదు. ప్రార్థనని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మా నాన్న కిడ్నీ జబ్బుతో మంచాన ఉన్నప్పుడు చేయడానికి ఇంకేమీ మిగలని రాత్రుళ్లు వచ్చాయి, అప్పుడు మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసినవాళ్ల చేతి వేడి నాకు గుర్తుంది. వాళ్లు వచ్చారు, కూర్చున్నారు. తేడా అక్కడుంది. మనిషి వచ్చి చేసే ప్రార్థన వేరు, మనిషి రాకుండా ఉండటానికి చేసే ప్రార్థన వేరు. ఒక చిన్న సలహా మాత్రం ఇస్తాను: ఆకలిగా ఉన్నవాళ్ల ముందు చేసేటప్పుడు పొట్టిగా చెయ్యండి, వీలైతే వడ్డించాక చెయ్యండి.

యాకోబు పేరు రాగానే పెద్ద తగాదా ఒకటి లేస్తుంది. రక్షణ విశ్వాసం వల్లనా, క్రియల వల్లనా? రోమా 3:28లో పౌలు ధర్మశాస్త్ర క్రియలు లేకుండానే మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడు అంటాడు. యాకోబు 2:24 విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా అంటుంది. ఇద్దరూ చూపించే ఉదాహరణ ఒకడే, అబ్రాహాము. పైకి చూస్తే ఒకరి మీద ఒకరు కేసు వేసుకున్నట్టే ఉంటుంది. విశ్వాసం వల్లే రక్షణ అని బోధించిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్‌కి యాకోబు పత్రిక మింగుడుపడక 1522 నాటి తన జర్మన్ కొత్త నిబంధన ముందుమాటలో దాన్ని గడ్డితో చేసిన పత్రిక అన్నాడు.

చిక్కుముడి విప్పాలంటే ఇద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారో చూడాలి. పౌలు ఎదుట ఉన్న తగువు: యూదులు కానివాళ్లు క్రీస్తుని నమ్మితే సరిపోతుందా, సున్నతి చేయించుకుని యూదుల ఆచారాలన్నీ పాటించాలా? ఆయన "క్రియలు" అన్నప్పుడు ముందు తలలో ఉన్నవి ఆ అర్హత చీటీలు. యాకోబు ఎదుట ఉన్నవాళ్లు వేరే. నేను నమ్మాను, నా పని అయిపోయింది అని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నవాళ్లు. దేవుడొక్కడే అని దయ్యాలు కూడా నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి అని యాకోబు ఎకసెక్కం చేసింది వాళ్లనే. లోపలికి రావడానికి టికెట్ అక్కర్లేదని పౌలు, లోపలికి వచ్చి పడుకోవద్దని యాకోబు. పౌలే గలతీయులకి రాస్తూ "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే ప్రయోజనకరమగును" అన్నాడు. ఈ ఒక్క మాట కింద యాకోబు సంతకం పెట్టడానికి వెనకాడడు.

మా వైపు ఇది ఉత్త పుస్తకాల తగువు కాదు. కొరాపుట్ వైపు 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు, జయపురం కేంద్రంగా ఉన్న లూథరన్ సంఘం వాళ్ల చెట్టుకి కాసిందే. గజపతి కొండల్లో కెనడా బాప్తిస్తుల పని. కేథలిక్కులు ఉన్నారు. పెళ్లి సంబంధాలు కుదిరే దగ్గర ఈ "విశ్వాసమా, క్రియలా" వాదన భోజనాల బల్ల దాకా వస్తుంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్ పట్టణంలో లూథరన్లూ కేథలిక్కులూ కూర్చుని, నీతిమంతులుగా తీర్చబడటం అనే మూల విషయంలో మా మధ్య ఒప్పుదల ఉంది అని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. ఆ సంగతి మా బల్లల దాకా ఇంకా రాలేదు.

ఎడమచెయ్యి, దీపం, కెమెరా

ఇంకో ముడి. కొండమీద ప్రసంగంలోనే యేసు ఒకచోట మనుషులు మీ సత్‌క్రియల్ని చూసేలా మీ వెలుగు ప్రకాశించనివ్వండి అంటాడు. అధ్యాయం మారగానే నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అంటాడు. చూపించాలా, దాచాలా?

మొదటి దాంట్లో చూసినవాళ్లు మహిమపరిచేది పరలోకంలో ఉన్న తండ్రిని. రెండో దాంట్లో బూర ఊదించుకునేవాళ్లకి కావాల్సింది మనుషుల మెప్పు. కాబట్టి ప్రశ్న పని కనబడిందా లేదా అని కాదు, చూసినవాడి కన్ను చివరికి ఎక్కడ ఆగింది అని. మా బేనర్ మీద సంఘం పేరు ఎర్ర అక్షరాలతో ఉంది. కన్ను అక్కడే ఆగింది.

ఫొటోలు పూర్తిగా వద్దనే పట్టుదల నాకు లేదు. కానుకలిచ్చినవాళ్లకి లెక్క చెప్పాలి, అది కూడా సత్యంలో భాగమే. బియ్యం కొన్న బిల్లు చూపించండి, బస్తాలు దింపుతున్నప్పుడు ఫొటో తీయండి. చెయ్యి చాచిన మనిషి ముఖం మాత్రం వద్దు. ఆ ముసలామె ముఖం ఎవరి ఫోన్లోనో ఇప్పటికీ ఉండి ఉంటుంది. ఆమెని ఎవరూ అడగలేదు.

ఇక్కడ చట్టం కూడా ఒక మాట అంటుంది

ఒడిశాలో ఉన్నవాళ్లు ఈ విషయం తెలియకుండా సేవ గురించి మాట్లాడటం కుదరదు. మత స్వేచ్ఛ చట్టం పేరుతో 1967 నుంచి ఇక్కడ ఒక చట్టం ఉంది. బలవంతంతో, మోసంతో, ప్రలోభంతో మతం మార్పించడం నేరం. ప్రలోభానికి అందులో ఇచ్చిన అర్థం చాలా వెడల్పు: నగదు గానీ వస్తువు గానీ బహుమతిగా ఇవ్వజూపడం, ఇంకే రకమైన లాభమైనా కలిగించడం, అన్నీ వస్తాయి. శిక్ష ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్లు, స్త్రీలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వాళ్ల విషయంలో రెండేళ్లు, 10,000. ఒడిశా హైకోర్టు ఒకసారి ఈ చట్టం చెల్లదంది, ప్రలోభం నిర్వచనం మరీ విస్తారంగా ఉందని కూడా అంది. 1977లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిప్పి చట్టాన్ని నిలబెట్టింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఉంది గానీ, ఇంకొకర్ని మతం మార్పించే హక్కు అందులో లేదు అని చెప్పింది.

మా వాళ్లలో చాలామందికి ఈ చట్టం మీద మంట. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెడితే అది కూడా ప్రలోభమేనా అని. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల మీద దాడుల్లో ఏం జరిగిందో ఒడిశాలో బతికేవాళ్లకి చెప్పనక్కర్లేదు, కాలిన ఇళ్లు మా చుట్టాలవి కూడా. ఆ మంటని కాదనను.

కానీ ఆ వ్యాన్‌లో అయ్యగారి పక్క సీట్లో ఒక నోటుబుక్కు ఉంది. అందులో పేర్ల జాబితా. సగం ఊరే ఉంది. మిగతా సగం ఏదండీ అంటే, వాళ్లు విశ్వాసులు కారు అన్నారు మా పెద్ద ఒకాయన. పైగా వాక్యం కూడా చూపించారు, గలతీయులకు 6:10: "విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను". వాక్యం నిజమే. దానికి ముందు "అందరియెడలను" అని ఉంది, ఆయన వేలు దాని మీద పడలేదు. చివరికి అందరికీ పంచాం, గొడవ పడి పంచాం. నేను చెప్పదలచిందేంటంటే, సాయానికి షరతు అనే దారం కట్టకుండా ఉండటం పోలీసు కేసు భయంతో చేయాల్సింది కాదు. చట్టం లేకపోయినా యోహాను ఉన్నాడు. నువ్వు మందిరానికి వస్తే బియ్యం అన్నప్పుడు అది ప్రేమ కాకుండా బేరం అయిపోయింది, బేరంలో సత్యం ఉండొచ్చు గానీ ప్రేమ ఉండదు. సమరయుడు దెబ్బలు తిన్నవాడి ఊరు పేరు అడగలేదు, యెరూషలేములో ఆరాధిస్తావా, గెరిజీము కొండ మీదా అని కూడా అడగలేదు. యూదులకీ సమరయులకీ మధ్య అప్పటి పెద్ద తగువు అదే అయినా.

దీనికి ఇంకో వైపు ఉంది. దారం లేదు కాబట్టి నోరు కట్టుకోవాలా? ఎందుకు చేస్తున్నావు బాబూ అని ఎవరైనా అడిగితే నిజం చెప్పడమే మంచిది. అడగకపోతే బియ్యం ఇచ్చి రావడమే మంచిది.

మాటే పనైనప్పుడు

మాటలొద్దు, చేతలే కావాలి అనేవాళ్లతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే. మా సంఘంలో ఒక కుర్రాడు ఉన్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో ఆడుకున్న సవర. కొండ మీద నుంచి ఎవరైనా జబ్బు మనిషిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే తోడు వెళ్తాడు. అతను చేసే పనేంటో పక్కన ఉండి చూశాను. ఓపీ కౌంటర్ దగ్గర పేరు, వయసు, ఊరు ఒడియాలో చెబుతాడు. డాక్టరు "ఎన్నాళ్ల నుంచి జ్వరం?" అని అడిగితే సవరలో అడుగుతాడు. ఆ తల్లి "మొన్న సంత ముందు సంత నుంచి" అంటుంది. ఇతను వేళ్ల మీద లెక్కపెట్టి పదకొండు రోజులు అంటాడు. రక్త పరీక్ష ఎక్కడ ఇవ్వాలో, రిపోర్టు ఎప్పుడొస్తుందో, ఏ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలో. ఒక మూట మొయ్యలేదు, ఒక రూపాయి ఇవ్వలేదు. రోజంతా చేసింది మాటే. ఆ మాట లేకపోతే పదకొండు రోజుల జ్వరం రెండు రోజుల జ్వరంగా కాగితం ఎక్కేది.

మా పర్లాకిమిడికి ఇది కొత్త కాదు. రాజావారి బడిలో పంతులు గిడుగు రామమూర్తి ఇక్కడే సవర నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాష నేర్చుకోవడానికి పుస్తకం లేదు, మనిషి దగ్గర కూర్చుని మాట మాటా ఏరుకోవాలి. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు రాసి సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1930ల్లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్నీ నిఘంటువునీ అచ్చు వేసింది. కొండల్లో తిరిగినందుకు మలేరియా వస్తే వాడిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చింది. ఒక జాతి మాట వినడానికి వెళ్లి వినికిడి పోగొట్టుకున్న మనిషి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఇష్టం లేక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన క్రైస్తవుడు కాదు. యేసు కథలో సమరయుడు కూడా వింటున్నవాళ్ల మతం వాడు కాదు కదా. ఆయన ఇంకో పోరాటం, వాడుక భాష కోసం చేసింది, తెలుగువాళ్లందరికీ తెలుసు. మేం మాత్రం ఆయన ఊళ్లోనే కూర్చుని ఇప్పటికీ "ప్రేమింతము" అని గ్రాంథికంలో చదివి, అర్థం కాని సవర విశ్వాసుల చేత ఆమెన్ అనిపిస్తున్నాం.

మలేరియా మాట వచ్చింది కాబట్టి చెబుతాను. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ లిస్ మాడ్సెన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. తర్వాత మన దేశపు డాక్టర్లు అందుకున్నారు. ఆసుపత్రికి వచ్చిన రోగికి మందివ్వడం ఒక రకం ప్రేమ, అది కళ్లకి కనిపిస్తుంది. కానీ ప్రతి వానాకాలం అదే ఊరి నుంచి అదే పిల్లవాడు, లేదా వాడి తమ్ముడు, పాలిపోయిన ముఖంతో వస్తుంటే? దోమ కుట్టేది ఊళ్లో, మందు దొరికేది పట్నంలో. జ్వరం వచ్చి పోయి, వచ్చి పోయి, ఒంట్లో రక్తం తగ్గిపోయి, చివరికి ఏదో చిన్న విరేచనాలకే పిల్ల పోతుంది. అమ్మానాన్నలకి అది మలేరియా అని కూడా తెలియదు, పిల్లలంటే అంతే అనుకుంటారు. అందుకే ఆ ఆసుపత్రి మిత్ర అనే పేరుతో ఊళ్లలోకి వెళ్లి పనిచేయడం మొదలుపెట్టింది. ఊరివాళ్లలోంచే కొందరికి నేర్పించడం, దోమతెరలు, జ్వరం వస్తే అక్కడికక్కడే పరీక్ష. ఇందులో ఫొటోకి పనికొచ్చే క్షణం ఒక్కటి ఉండదు. పుట్టని జ్వరాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ పేరుతో దారి సరిగా లేని ఊళ్లకి వెళ్లి జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ మలేరియా పరీక్ష చేసి, ఉన్నవాళ్లకి మందివ్వడం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాదే రాష్ట్రంలో కేసులు బాగా పడిపోయాయి. ప్రేమ మా సంఘాల సొత్తు అనుకునేవాళ్లు ఆశా కార్యకర్త వెనక ఒక రోజు కొండ ఎక్కి చూడాలి.

దూరంలో చేసే సేవ గురించి ఇంత చెప్పి దగ్గర సంగతి చెప్పకపోతే తప్పు. క్రిస్మస్ తర్వాత మా దగ్గర ప్రేమ విందు పెడతారు. పేరే ప్రేమ. పట్నం కుటుంబాలు బల్లల దగ్గర, కొండ నుంచి దిగివచ్చిన సవర కుటుంబాలు వరండాలో బంతి. ఎవరూ అలా కూర్చోమని చెప్పరు, అలా జరిగిపోతుంది. మాంసం కూర గిన్నె వరండాకి చేరేసరికి పులుసు మిగులుతుంది. కొరింథు సంఘంలో ఒకడు ఆకలితో, ఇంకొకడు మత్తుగా ఉన్నాడని పౌలు గట్టిగా తిట్టింది సరిగ్గా ఈ భోజనం గురించే. రెండేళ్ల కిందట వడ్డన వరండా నుంచి మొదలుపెట్టమని అడిగాం. మొదటి ఏడాది కొందరు అలిగారు. రెండో ఏడాది అలిగినవాళ్లు తగ్గారు. కులం గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

అపొస్తలుల కార్యాలు 9లో దొర్కా అని ఒకామె ఉంది, తబితా అని కూడా పేరు. మన స్త్రీల సమాజాలు చాలావాటికి ఆమె పేరే పెట్టారు. ఆమె చనిపోతే విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు చూపించారు. ఆమె అన్న మాట ఒక్కటీ బైబిల్లో లేదు. తిరిగి లేచాక కూడా లేచి కూర్చుంటుంది, అంతే. ఆమె సాక్ష్యమంతా కుట్టులో ఉంది. కుట్టు అంటే ఎవరి కొలత వాళ్లదే కదా, విధవరాండ్రు ఒక్కొక్కరూ వచ్చి చూపించుకోగలిగారంటే ఒక్కొక్కరికీ విడిగా కుట్టి ఉండాలి. నా ఊహ.

తిత్లీ అయిన మూడో వారం మేం మళ్లీ ఆ ఊరికి వెళ్లాం. ఈసారి మర రంపం ఉన్న మనిషిని వెంటబెట్టుకుని. దారి అప్పటికే ఊరివాళ్లు చిన్న కత్తులతో సగం కొట్టేశారు. మాతో పాటు కుట్టుమిషన్ మీద బతికే మా సమాజం మనిషి ఒకామె వచ్చింది. అప్ప అంటాం మేమందరం. సాక్ష్యం చెప్పమని మందిరంలో లేపితే "స్తోత్రం" అని కూర్చుండిపోయే రకం. అక్కడ బడి పిల్లల యూనిఫాంలు ఇళ్లతో పాటు తడిసి బురదై పోయాయని ఎవరో అన్నారు. అప్ప మెడలోంచి టేపు తీసింది. పిల్లల్ని వరసగా నిలబెట్టి భుజం, ఛాతీ, పొడుగు కొలిచి, కాగితం తేలేదు కాబట్టి తన అరచేతి మీద బాల్‌పెన్‌తో అంకెలు రాసుకుంది. చెయ్యి నిండిపోతే మణికట్టు మీద, ఆ పైన మోచేతి దాకా. ఆ చీర తిరిగిచ్చిన ముసలామె పక్కన నిలబడి చూస్తోంది. చివరి పిల్ల కొలత అయ్యాక తన రవిక భుజం దగ్గర పట్టుకుని లాగి, అది ఎక్కడ బిగుతుగా ఉందో అప్పకి చూపించింది.

అప్ప ఆమె భుజం మీద టేపు పెట్టింది.